నిజాం స్టాంపులకు ఇంట్లోనే ఆల్బం పేజీలు: ముందు కొలత, తరువాతే అలంకారం

హైదరాబాదు సంస్థానపు స్టాంపులకు బజారులో దొరికే ఆల్బంలలో చోటు లేదని, అందువల్ల పేజీలను ఇంట్లోనే రూపొందించి ముద్రించుకోవాలనుకుంటున్నానని, దానికి ఏ సాఫ్ట్‌వేరు, ఏ కాగితం మంచివో చెప్పమని మీరు అడిగారు. మా నాన్నగారు దాచిన నిజాం స్టాంపుల కోసం నేను ఆరేళ్లుగా ఇదే పని చేస్తున్నాను. ఆ రెండింటికంటే ముందు కొలత గురించి చెప్పాలి, ఎందుకంటే నా కాగితమూ సమయమూ ఎక్కువగా వృథా అయింది అక్కడే.

1931లో వచ్చిన బొమ్మల వరుసనే తీసుకుందాం. అణా తపాలా బిళ్ల మీద చార్మినారు, రెండణాల మీద హైకోర్టు, నాలుగణాల మీద ఉస్మాన్ సాగర్, ఎనిమిదణాల మీద అజంతా గుహల ద్వారం, పన్నెండణాల మీద బీదరులోని మదరసా, రూపాయి మీద దౌలతాబాదు మినారు ఉంటాయి. అన్నీ ఒకే ఆకారంలో ఉండవు కాబట్టి ఒక్కదాన్ని కొలిచి మిగిలినవాటికి అదే గడి వేస్తే సరిపోదు. నేను ప్రతి బిళ్లనూ పారదర్శకమైన కవరులో ఉంచి, దానిని మిల్లీమీటరు గళ్ల గ్రాఫు కాగితం మీద పెట్టి, చిల్లుల అంచు పంటి కొస నుంచి ఎదుటి కొస వరకు చదువుకుంటాను. ఇలా చేస్తే స్కేలు బిళ్లకు తగలదు, పళ్లు వంగవు. ఆ కొలతకు అన్ని వైపులా రెండున్నర మిల్లీమీటర్లు కలిపితే మౌంటుతో, అంటే బిళ్లను పేజీకి పట్టి ఉంచే సన్నని ప్లాస్టిక్ తొడుగుతో, సహా గడిలో అమరుతుంది. ఉదాహరణకు, మన స్మారక స్టాంపులలో తరచుగా కనిపించే 39 × 29 మిల్లీమీటర్ల బిళ్లకు 44 × 34 గడి కావాలి.

గీయడానికి నేను లిబ్రేఆఫీస్ డ్రా వాడతాను. అది ఉచితం, గడిని ఎంచుకుని ఎఫ్4 నొక్కితే వెడల్పు, ఎత్తు, స్థానం అంకెలలో ఇవ్వవచ్చు. ఆల్బంఈజీ అనే మరో ఉచిత సాఫ్ట్‌వేరులో కొలతలను వరుసగా టైపు చేస్తే పేజీ దానంతట అదే తయారవుతుంది కానీ, శీర్షికలు తెలుగులో ఉండాలన్న పట్టుదల వల్ల నేను డ్రాను వదలలేదు. తెలుగు రాసేటప్పుడు వరుసల మధ్య ఎడం పెంచడం మరవకండి. నా మొదటి పేజీలో ‘హైకోర్టు’ అన్న మాటలోని ట ఒత్తు కింది వరుసలోని గుడిలోకి దిగిపోయి, రెండు వరుసలూ చదవరాకుండా పోయాయి. ఎడాన్ని 130 శాతం చేశాక కుదురుకుంది. పేజీ చుట్టూ పూల అంచులు, రంగు చట్రాలు వేయవద్దని నా గట్టి అభిప్రాయం; సన్నని బూడిద రంగు గీత చాలు, చూపు బిళ్ల మీదే నిలవాలి. ఎడమవైపు మాత్రం రంధ్రాల కోసం 25 మిల్లీమీటర్లు విడవండి.

ఇక ముద్రణ. నేను ఒకసారి పద్నాలుగు పేజీలు వరుసగా ముద్రించి, మౌంట్లు పెట్టబోయేసరికి అవి గీతలను కప్పేశాయి. ప్రింటరు అమరికలో పేజీకి సరిపెట్టే ‘ఫిట్ టు పేజ్’ ఎంపిక ఉండిపోవడంతో అంతా 97 శాతానికి కుంచించుకుపోయింది, 44 మిల్లీమీటర్ల గడి 42.7కు దిగింది. అప్పటి నుంచి ఏ4 పరిమాణమూ, 100 శాతమూ ఎంచుకుని, ముందుగా మామూలు కాగితం మీద 100 మిల్లీమీటర్ల గీతను ముద్రించి స్కేలుతో సరిచూశాకే మంచి కాగితాన్ని ముట్టుకుంటున్నాను.

కాగితం ఆమ్లరహితమైనదై, 160 నుంచి 200 జీఎస్ఎం (చదరపు మీటరుకు గ్రాములు) మందం ఉంటే బిళ్లల బరువుకు వంగదు. అయితే కొనేముందు మీ ప్రింటరు ఎంత మందం వరకు లాగగలదో చూసుకోండి. వెనుక నుంచి కాగితం పెట్టే ప్రింటర్లలో అది అంతగా మడతపడకుండా వెళుతుంది. డై సిరా చెమ్మకు చెదురుతుంది కాబట్టి పిగ్మెంటు సిరా గాని లేజరు ముద్రణ గాని మేలు. ఇంకుజెట్ పేజీని ఒక రోజంతా ఆరనిచ్చాకే బిళ్లలు అమర్చండి.

పేజీలను ఉంచే కవర్లు పాలీప్రొపైలీన్‌వో పాలిస్టరువో అయి ఉండాలి, పీవీసీ వద్దు. నాన్నగారు కొన్నింటిని జిగురు అట్టల ఫోటో ఆల్బంలో దాచారు. రెండు చార్మినార్లు అట్టకు అతుక్కుని, విడదీసేటప్పుడు బిళ్లల వెనుక జిగురంతా పోయింది. వాడని బిళ్లలకు హింజులు, అంటే బిళ్ల వెనుక అంటించే చిన్న జిగురు కాగితపు ముక్కలు, కూడా వద్దు, వాటిని ముద్రపడిన వాటికే ఉంచండి.

పేజీలను కుట్టించకుండా విడిగా ఫైలులో పెట్టుకోండి. తరువాత నాకు ‘సర్కారీ’ అని అదనపు ముద్రపడిన అధికారిక స్టాంపులు దొరికినప్పుడు, అవే బిళ్లలు కాబట్టి కంప్యూటరులోని పాత డ్రా ఫైలునే నకలు చేసి, శీర్షిక మార్చి, ఆ పేజీని 1931 వరుస వెనుక చేర్చాను.