పీరియడ్స్ ఆగిపోతే పీసీఓఎస్ కూడా పోయినట్టేనా డాక్టర్ గారూ?

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 48 ఏళ్ళు. 23 ఏళ్ళప్పుడు పీసీఓఎస్ (పాలిసిస్టిక్ ఓవరీ సిండ్రోమ్, అంటే ఓవరీలు, హార్మోన్లు గాడి తప్పే సమస్య) ఉందన్నారు. అప్పట్లో రెండు మూడు నెలలకోసారి పీరియడ్ వచ్చేది, ట్రీట్‌మెంట్ తీసుకున్నాక ఇద్దరు పిల్లలు పుట్టారు. విచిత్రం ఏంటంటే 40 దాటాక ఐదారేళ్ళు నెలనెలా కరెక్ట్‌గా వచ్చింది. మళ్ళీ రెండేళ్ళ నుంచి తప్పుతోంది, ఇప్పుడైతే 7 నెలలుగా అసలు రాలేదు. ఒళ్ళంతా వేడి ఆవిర్లు, రాత్రిళ్ళు చెమటలు, నిద్ర సరిగ్గా ఉండట్లేదు. గడ్డం మీద వెంట్రుకలు ఎక్కువయ్యాయి, తలమీదేమో పలచబడింది, పొట్ట పెరిగింది. పీరియడ్స్ ఆగిపోతే పీసీఓఎస్ కూడా పోయినట్టే అని ఒక ఫ్రెండ్ చెప్తే ఇన్సులిన్ బాగా పనిచేయడానికి వాడే మెట్‌ఫార్మిన్ టాబ్లెట్ ఆపేశాను. ఇది మెనోపాజా లేక పాత ప్రాబ్లమేనా? హార్మోన్ మందులు వాడితే క్యాన్సర్ వస్తుందంటున్నారు, నిజమేనా? మా అమ్మాయికి 16 ఏళ్ళు, తనకి కూడా పీరియడ్స్ లేట్‌గానే వస్తున్నాయి, స్కాన్ తీయించమంటారా? - ఒక పాఠకురాలు

డాక్టర్ సలహా: ముందు మెట్‌ఫార్మిన్ గురించే చెప్తానమ్మా. మీ ఫ్రెండ్ మంచి మనసుతోనే చెప్పి ఉంటారు కానీ అది తప్పు. పీరియడ్స్ ఆగితే పీసీఓఎస్‌లో పీరియడ్స్‌కి సంబంధించిన గొడవ ఒక్కటే పోతుంది, ఇన్సులిన్ సరిగ్గా పనిచేయకపోవడం అనే అసలు తంటా అలాగే ఉంటుంది, వయసుతో పాటు ఇంకొంచెం పెరుగుతుంది కూడా. ఆపేశారు కదా అని ఇవాళ రాత్రే మళ్ళీ పాత డోసు వేసేసుకోకండి. ఒకసారి షుగర్, క్రియాటినిన్ (కిడ్నీలు ఎలా ఉన్నాయో చెప్పే టెస్ట్) చూపించుకుని, మీ డాక్టర్‌ని అడిగి చిన్న డోసుతో మొదలుపెట్టాలి, లేదంటే విరేచనాలు, కడుపులో తిప్పడంతో రెండో రోజే మళ్ళీ ఆపేస్తారు. చాలా ఏళ్ళు వాడినట్టున్నారు కాబట్టి పనిలో పనిగా విటమిన్ బి12 కూడా చూపించుకోండి, ఈ మందు ఎక్కువకాలం వాడితే అది తగ్గుతుంది.

ఇక 40 తర్వాత నెలనెలా కరెక్ట్‌గా వచ్చిందన్నారు చూడండి, అది విచిత్రమేం కాదు, పీసీఓఎస్ ఉన్న చాలామందిలో అలాగే అవుతుంది. స్కాన్‌లో నీటి బుడగలు అని చెప్తారే, అవి నిజానికి బుడగలు కావు, అండాలు ఉండే చిన్నచిన్న ఫాలికిల్స్, మీలాంటివాళ్ళకి అవి మామూలు కంటే ఎక్కువ ఉంటాయి. అవన్నీ ఒకేసారి కాస్త పెరిగి ఆగిపోతుంటాయి, ఏ ఒక్కటీ పూర్తిగా ఎదిగి అండం విడుదల కాదు, అందుకే పీరియడ్ లేట్ అయ్యేది. వయసు పెరిగేకొద్దీ వాటి సంఖ్య తగ్గుతుంది, గుంపు పలచబడ్డాక వాటిలో ఒకటి ఎదగడానికి వీలు దొరుకుతుంది, అండం విడుదలవుతుంది, పీరియడ్ టైంకి వస్తుంది. ఆ టైంలో స్కాన్ తీస్తే నార్మల్ అని రిపోర్ట్ వస్తుంది, అది చూసి జబ్బు తగ్గిపోయింది అనుకుంటారు, తగ్గింది ఓవరీలో లెక్క మాత్రమే. అండాల నిల్వ ముందు నుంచీ ఎక్కువ కాబట్టి పీసీఓఎస్ ఉన్నవాళ్ళకి మెనోపాజ్ మిగతావాళ్ళ కంటే కొంచెం ఆలస్యంగా కూడా రావచ్చు.

మరి ఇప్పుడు ఇది మెనోపాజా? లెక్క ప్రకారం ఇంకా కాదు. వరసగా 12 నెలలు పీరియడ్ రాకపోతేనే మెనోపాజ్ అంటాం, మీకు 7 నెలలే అయింది. కానీ మీరు దాని ముందు దశలో ఉన్నారని, అంటే పెరిమెనోపాజ్‌లో ఉన్నారని నాకు గట్టిగానే అనిపిస్తోంది, దానికి క్లూ మీ లెటర్‌లోనే ఉంది. చిన్న వయసులో పీసీఓఎస్ వల్ల మూడు నెలలు పీరియడ్ రాకపోయినా మీకు వేడి ఆవిర్లు వచ్చాయా? వచ్చి ఉండవు, ఎందుకంటే అప్పుడు ఈస్ట్రోజన్ అనే ఆడ హార్మోన్ ఉంది, అండం విడుదల కావట్లేదు అంతే. ఇప్పుడు ఈస్ట్రోజన్ ఎక్కి దిగుతోంది కాబట్టే ఆవిర్లు, చెమటలు. దీనికోసం ఎఫ్‌ఎస్‌హెచ్ (ఓవరీని పనిచేయించే హార్మోన్) టెస్ట్ రాయమని చాలామంది అడుగుతారు, 45 దాటినవాళ్ళకి దాంతో పెద్దగా పని లేదు, ఈ దశలో అది ఒక నెల ఎక్కువ ఇంకో నెల నార్మల్ చూపిస్తుంది, నార్మల్ వచ్చిందని సంతోషించినా ఎక్కువ వచ్చిందని బాధపడినా రెండూ వేస్టే. చేయించాల్సినవి వేరే ఉన్నాయి: థైరాయిడ్, ప్రొలాక్టిన్, ఇంకోటి చెప్తే నవ్వుతారేమో, ప్రెగ్నెన్సీ టెస్ట్. 7 నెలలుగా పీరియడ్ లేదు కదా అని ధైర్యంగా ఉండొద్దు, మధ్యలో ఎప్పుడైనా ఒక అండం విడుదల కావచ్చు. 50 లోపు ఉన్నవాళ్ళు చివరి పీరియడ్ తర్వాత రెండేళ్ళ వరకూ, 50 దాటినవాళ్ళు ఏడాది వరకూ గర్భం రాకుండా జాగ్రత్తలు వాడాలని చెప్తాం.

ఇప్పుడు నేను అన్నిటికంటే ఎక్కువ కంగారుపడే విషయం, మీరు మాత్రం అసలు అడగనిది: మీ గర్భసంచి లోపలి పొర. మామూలుగా అండం విడుదలయ్యాక ప్రొజెస్టిరాన్ అనే హార్మోన్ తయారై ఆ పొర ఎక్కువ మందం కాకుండా చూస్తుంది, తర్వాత పీరియడ్‌లో అది ఊడి బయటికి పోతుంది. అండం విడుదల కాకపోతే ప్రొజెస్టిరాన్ ఉండదు, ఈస్ట్రోజన్ మాత్రం ఎంతోకొంత వస్తూనే ఉంటుంది, ఓవరీ నుంచి తగ్గినా ఒంట్లో కొవ్వు కూడా దాన్ని తయారుచేస్తుంది, అడ్డూ అదుపూ లేకుండా ఆ పొర పెరుగుతూ పోవచ్చు. పీసీఓఎస్ ఉన్నవాళ్ళకి గర్భసంచి పొర క్యాన్సర్ రిస్క్ మిగతావాళ్ళ కంటే ఎక్కువ ఉండటానికి ఇదే కారణం. ఎక్కువ అంటే అందరికీ వచ్చేస్తుందని కాదు, మొత్తం మీద చూస్తే వచ్చేవాళ్ళు తక్కువే, కానీ ముందే పట్టుకోగలిగిన జబ్బుని వదిలేయడం ఎందుకు. పీసీఓఎస్ ఉన్న మనిషికి మూడు నెలలు దాటి పీరియడ్ రాకపోతే, వయసు 28 అయినా 48 అయినా, మెనోపాజేలే అని ఊరుకోకూడదు. గైనకాలజిస్ట్ దగ్గరికి వెళ్ళి యోని ద్వారా చేసే స్కాన్ చేయించుకోండి, పొర ఎంత మందం ఉందో అందులో తెలుస్తుంది. ఎక్కువ ఉందనిపిస్తే చిన్న గొట్టంతో కొంచెం ముక్క తీసి టెస్ట్‌కి పంపుతారు, చాలామందికి అది ఓపీలోనే అయిపోతుంది, కొంచెం నొప్పిగా ఉంటుంది, ముందే చెప్తున్నా. పొర బాగానే ఉంటే కొన్ని రోజులు ప్రొజెస్టిరాన్ టాబ్లెట్లు ఇచ్చి పీరియడ్ తెప్పిస్తారు, లేదా ఆ హార్మోన్ ఉన్న లూప్ గర్భసంచిలో పెడతారు, అది పొరనీ కాపాడుతుంది, గర్భం రాకుండానూ చూస్తుంది, నన్నడిగితే మీ పరిస్థితిలో అది మంచి ఆప్షనే.

12 నెలలు నిండాక ఎప్పుడైనా చిన్న మరక కనిపించినా సరే, పీరియడ్ మళ్ళీ వచ్చింది అని మురిసిపోకుండా ఆ వారంలోనే డాక్టర్‌ని కలవండి. అలా బ్లీడింగ్ అయినవాళ్ళకి స్కాన్‌లో పొర 4 మిల్లీమీటర్లు దాటితే బయాప్సీ, అంటే పైన చెప్పిన ముక్క తీసే టెస్ట్ చేస్తాం, దాటకపోయినా బ్లీడింగ్ మళ్ళీ మళ్ళీ అవుతుంటే అప్పుడూ చేస్తాం.

గడ్డం వెంట్రుకల సంగతికి వస్తే, ఆడవాళ్ళ ఒంట్లో మగ హార్మోన్లు కొద్దిగా ఎప్పుడూ ఉంటాయి, మెనోపాజ్ దగ్గరపడేటప్పుడు ఈస్ట్రోజన్ గబగబా పడిపోతుంది, ఇవి మాత్రం నెమ్మదిగా తగ్గుతాయి, దాంతో వీటి ప్రభావం పైకి తేలుతుంది. పీసీఓఎస్ లేనివాళ్ళకి కూడా ఈ వయసులో గడ్డం మీద నాలుగు వెంట్రుకలు వస్తాయి, మీకు ముందు నుంచే ఎక్కువ కాబట్టి ఇంకా కనిపిస్తున్నాయి. లేజర్ నల్ల వెంట్రుకల మీద బాగా పనిచేస్తుంది, తెల్లబడ్డ వాటి మీద పనిచేయదు, అందుకని చేయించుకునే ఉద్దేశం ఉంటే మరీ వాయిదా వేయకండి, తెల్లవాటిని శాశ్వతంగా తీయాలంటే ఎలక్ట్రాలిసిస్ (కరెంటుతో వెంట్రుక కుదురుని కాల్చడం) ఒక్కటే దారి. మగ హార్మోన్ల ప్రభావం తగ్గించే స్పైరోనోలాక్టోన్ అనే టాబ్లెట్ కూడా ఉంది, బీపీ, పొటాషియం చూసుకుంటూ వాడాలి, ఫలితం కనపడటానికి ఆరు నెలలు పడుతుంది, ప్రెగ్నెన్సీ వచ్చే ఛాన్స్ ఉన్నన్నాళ్ళు జాగ్రత్తలు లేకుండా వాడకూడదు. తలమీద జుట్టుకి మినాక్సిడిల్ రాయొచ్చు, మొదట్లో ఇంకాస్త ఊడినట్టు అనిపిస్తుంది, కంగారుపడి మానేయకండి. దానికంటే ముందు ఐరన్ నిల్వలు, థైరాయిడ్ చూపించుకోండి, జుట్టు రాలడానికి అన్నిసార్లూ హార్మోన్లే కారణం కాదు.

ఒక్క విషయం మాత్రం గుర్తుపెట్టుకోండి, ఈ మార్పు ఏళ్ళ తరబడి మెల్లగా వస్తే పర్లేదు. రెండు మూడు నెలల్లోనే వెంట్రుకలు దట్టంగా వచ్చేసి, గొంతు బొంగురుపోయి, నుదురు పక్కన బట్టతలలా అయితే అది పీసీఓఎస్ లెక్క కాదు, ఓవరీలో గానీ కిడ్నీ మీదుండే అడ్రినల్ గ్రంథిలో గానీ కణితి ఉందేమో చూడాలి, వెంటనే టెస్టోస్టిరాన్, డీహెచ్‌ఈఏఎస్ అనే మగ హార్మోన్ల టెస్ట్‌లు చేయించాలి.

పొట్ట పెరగడం, షుగర్, బీపీ, కొలెస్ట్రాల్, ఫ్యాటీ లివర్, ఇవన్నీ ఒకే తాడు. ఖాళీ కడుపుతో చేసే షుగర్ టెస్ట్ ఒక్కటే చేయించుకుని నార్మల్ అనుకోవద్దు, పీసీఓఎస్ ఉన్నవాళ్ళలో అది నార్మల్‌గా ఉండి కూడా గ్లూకోజ్ తాగాక పెరిగేవాళ్ళు చాలామంది ఉంటారు. 75 గ్రాముల గ్లూకోజ్ తాగి రెండు గంటల తర్వాత చేసే టెస్ట్ అడిగి చేయించుకోండి, రిజల్ట్‌ని బట్టి ఏడాది నుంచి మూడేళ్ళకోసారి మళ్ళీ చేయించాలి. ఇంకో మాట, నిద్ర పట్టట్లేదన్నారు, గురక పెడుతున్నారేమో ఇంట్లో అడగండి. పీసీఓఎస్‌లో స్లీప్ ఆప్నియా మామూలే, నిద్రలో ఊపిరి ఆగి ఆగి వచ్చే జబ్బు అది, రాత్రి చెమటలు దానివల్ల కూడా పడతాయి, మెనోపాజ్ ఖాతాలో వేసేసి ఏళ్ళకేళ్ళు పట్టించుకోరు. పగలంతా మత్తుగా ఉంటే స్లీప్ స్టడీ చేయించండి. ఎక్సర్‌సైజ్ విషయంలో వారానికి 150 నిమిషాల నడక అందరూ చెప్పేదే, నేను ఇంకోటి కలుపుతా, వారంలో రెండు రోజులు బరువులెత్తడం లాంటివి చేయండి, కండరాలు బలపడితే ఇన్సులిన్ బాగా పనిచేస్తుంది, మెనోపాజ్ తర్వాత ఎముకలు సన్నబడకుండానూ అదే కాపాడుతుంది. బరువు 5 శాతం తగ్గినా షుగర్, బీపీలో తేడా కనిపిస్తుంది, పెళ్ళినాటి బరువుకి రావాలన్న టార్గెట్ పెట్టుకోవద్దు.

హార్మోన్ మందులతో క్యాన్సర్ భయం ఎక్కడి నుంచి వచ్చిందో చెప్తా. అమెరికాలో ఉమెన్స్ హెల్త్ ఇనీషియేటివ్ అని పెద్ద స్టడీ జరిగింది, ఈస్ట్రోజన్, ప్రొజెస్టిన్ (ప్రొజెస్టిరాన్ లాంటి మందు) రెండూ కలిపి ఇచ్చిన భాగాన్ని 2002లో మధ్యలోనే ఆపేశారు, రొమ్ము క్యాన్సర్ ఎక్కువ కనిపించిందని. ఎంత ఎక్కువ అంటే 10,000 మంది ఆడవాళ్ళు ఏడాది వాడితే అదనంగా 8 మందికి. పైగా అందులో ఉన్నవాళ్ళ సగటు వయసు 63, మీలాంటి 48 ఏళ్ళవాళ్ళు కాదు. రిస్క్ అసలు లేదని నేను అనను, కానీ 60 లోపు, మెనోపాజ్ వచ్చిన పదేళ్ళలోపు మొదలుపెట్టేవాళ్ళలో ఆవిర్లతో అల్లాడేవారికి లాభమే ఎక్కువ. మీకు గర్భసంచి ఉంది కాబట్టి ఈస్ట్రోజన్ ఒక్కటే ఎప్పుడూ తీసుకోకూడదు, తోడుగా ప్రొజెస్టిరాన్ ఉండి తీరాలి, పైన చెప్పిన లూప్ ఉంటే అదే సరిపోతుంది. బరువు, బీపీ ఎక్కువున్నవాళ్ళకి నేనైతే టాబ్లెట్ కంటే చర్మం మీద వాడే ప్యాచ్ లేదా జెల్ బెటర్ అంటాను, రక్తం గడ్డకట్టే రిస్క్ టాబ్లెట్ అంత ఉండదు. రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్ళు, పక్షవాతం, హార్ట్ ఎటాక్, కాళ్ళలో రక్తం గడ్డలు వచ్చినవాళ్ళు, కారణం తెలియని బ్లీడింగ్ ఉన్నవాళ్ళు వాడకూడదు. పీసీఓఎస్ ఉంది కాబట్టి వద్దు అని మాత్రం లేదు. హార్మోన్ అసలు వద్దనుకుంటే తక్కువ డోసు వెన్లాఫాక్సిన్, గాబాపెంటిన్ లాంటివి ఆవిర్లు తగ్గిస్తాయి, డాక్టర్ రాస్తేనే వాడాలి.

మీ అమ్మాయికి స్కాన్ ఇప్పుడే వద్దు. మొదటి పీరియడ్ వచ్చిన 8 ఏళ్ళ వరకూ ఆ వయసు పిల్లల ఓవరీలు మామూలుగానే ఫాలికిల్స్‌తో నిండి ఉంటాయి, స్కాన్ తీస్తే చాలామందికి పీసీఓఎస్ అనే రిపోర్ట్ వస్తుంది, అనవసరంగా ఆ పేరు పిల్ల మీద పడుతుంది. మీకు ఉంది కాబట్టి తనకి వచ్చే ఛాన్స్ మిగతా పిల్లల కంటే ఎక్కువే, కాబట్టి గమనించాలి. పీరియడ్స్ మొదలై మూడేళ్ళు దాటిందా అన్నది చూడండి. దాటాక కూడా 35 రోజుల కంటే లేట్‌గా వస్తుంటే, లేదా ఏడాదిలో 8 సార్ల కంటే తక్కువ వస్తుంటే, లేదా మధ్యలో ఎప్పుడైనా 90 రోజులు దాటిపోతే డాక్టర్‌కి చూపించండి. మొటిమలు బాగా ఎక్కువున్నా, పై పెదవి మీద, గడ్డం మీద వెంట్రుకలు వస్తున్నా అది కూడా చెప్పండి, టెస్టోస్టిరాన్ రక్త పరీక్ష చేస్తారు. అప్పటిదాకా తన ఫోన్‌లోనే పీరియడ్ తేదీలు రాసుకోమనండి, డాక్టర్‌కి మొదట కావాల్సింది ఆ తేదీలే.