డాబా ఖర్చు మీ ఒక్కరిదే కాదు

ప్రశ్న: నేను రిటైరైన టీచర్ని. నిజాంపేటలో 2014లో కట్టిన అపార్టుమెంటులో, పై అంతస్తున నాకో ఫ్లాటు ఉంది. మొత్తం ఇరవై ఫ్లాట్లు. నెలకు రూ.18,000 అద్దె వచ్చేది. దసరాకు ముందు అద్దెకున్నవారు ఖాళీ చేశారు. పడకగది పైకప్పు చెమ్మగిల్లింది, గీజర్లు సరిగా పనిచేయడం లేదు. చలికాలంలోపు బాగు చేయిద్దామంటే మేస్త్రీ రూ.1,40,000 అవుతుందన్నాడు. డాబాకు వాటర్‌ప్రూఫింగ్ 80 వేలు, రంగులు 35 వేలు, రెండు కొత్త గీజర్లకూ వైరింగుకూ కలిపి 25 వేలు. మార్చిలో గడువు తీరే రూ.3 లక్షల ఎఫ్‌డీ ఉంది. దాన్ని ఇప్పుడే తీసేయనా? మా తమ్ముడేమో పైపైన రంగు వేయించి ఇచ్చేయమంటున్నాడు.

జవాబు: ఎఫ్‌డీ జోలికి వెళ్లకండమ్మా. తమ్ముడి మాటా వినకండి. మేస్త్రీ చెప్పిన మొత్తంలో సగానికి పైగా మీరు ఒక్కరే కట్టాల్సింది కాదు.

డాబా సంగతి ముందు చూద్దాం. 1987 నాటి అపార్టుమెంట్ల చట్టం పైకప్పును ఉమ్మడి భాగంగానే లెక్కిస్తుంది. కట్టి పదేళ్లు దాటింది కనుక బిల్డర్‌ను అడిగే వీలు లేదు, అసోసియేషన్‌ను అడగాలి. 80 వేలను ఇరవై మందికి పంచితే మీ వాటా 4 వేలు. ‘పై అంతస్తు గోల మాకెందుకు’ అని కింది అంతస్తుల వారు అంటారు, తప్పకుండా అంటారు. వేసవిలో వడియాలు ఎండబెట్టుకునేది, సంక్రాంతికి పిల్లలు పతంగులు ఎగరేసేది ఆ డాబా మీదే కదా అని నవ్వుతూనే గుర్తుచేయండి. నోటిమాటతో సరిపెట్టకుండా పైకప్పు ఫొటోలు జతచేసి ఉత్తరం ఇవ్వండి, దాని నకలు ఒకటి దగ్గర ఉంచుకోండి.

పని మాత్రం తొందరపడి మొదలుపెట్టించకండి. వానలు వెళ్లిపోయాయనుకున్న వేళ, 2020 అక్టోబరు 13న హైదరాబాద్ ఎలా మునిగిందో మీకు తెలుసు. నవంబరు మొదటి వారం మేలు. పూత ఎండాక నీళ్లు బయటికి పోయే గొట్టాలు మూసి, డాబా మీద ఒక రోజంతా నీళ్లు నిలబెట్టి చూడమనండి. చెమ్మ దిగకపోతేనే మేస్త్రీకి చివరి విడత డబ్బు.

ఇక రంగులు. తడి గోడకు రంగు వేస్తే వచ్చే ఆషాఢానికల్లా పెచ్చులూడుతుంది, మళ్లీ అదే ఖర్చు. గోడకు ఒక ప్లాస్టిక్ కాగితం పెట్టి నాలుగు వైపులా టేపు అంటించండి. రెండు రోజులయ్యాక తీస్తే లోపలి వైపు నీటి చుక్కలు కనిపించాయా, ఇంకా ఆగాలి. ఖాళీ చేసేటప్పుడు రంగుల కోసం ఒక నెల అద్దె అడ్వాన్సులో మినహాయించుకుంటామని ఒప్పందంలో రాసుకుని ఉంటే ఆ 18 వేలు మీ దగ్గరే ఉన్నాయి. మిగతా 17 వేలు మీరు వేసుకోవాలి. పైకప్పు మరకల పేరు చెప్పి అంతకు మించి కోసి ఉంటే మాత్రం తిరిగి ఇచ్చేయండి. కారింది డాబా, వాళ్లేం చేస్తారు?

గీజర్ల విషయంలో నేను చేసిన తప్పు మీరు చేయకండి. ఒక డిసెంబరులో నా ఫ్లాటులో ఉంటున్నవారు నీళ్లు కాగడం లేదని ఫోను చేస్తే, విప్పి చూడకుండానే కొత్తది కొన్నాను. తర్వాత పాతదాన్ని విప్పిస్తే, కాయిల్ చుట్టూ కోడిగుడ్డు పెంకులా తెల్లగా సున్నపు పొర. బోరు నీటి ఉప్పు అది. కాయిల్ మార్పిస్తే వందల్లో పోయేది వేలల్లో పోయింది. ముందు రెండూ విప్పించి చూడండి, ఒకటైనా బాగుపడవచ్చు. ఎర్తింగు, షాక్ తగలకుండా కరెంటు కట్ చేసే ఆర్‌సీసీబీ విషయంలో మాత్రం రూపాయి కూడా మిగుల్చుకోవద్దు. కిటికీ లేని స్నానాల గదిలో గ్యాస్ గీజర్ ఉంటే దాన్ని తీయించేయండి, కార్బన్ మోనాక్సైడ్ వాసన కూడా రాదు. ఈ పద్దుకు 15 వేలు అనుకుందాం.

మొత్తం 36 వేలు. చేతిలో లేకపోతే ఎఫ్‌డీ మీద అప్పు తీసుకోండి. ఎఫ్‌డీ వడ్డీ కంటే ఒక శాతం ఎక్కువ వేసినా, నాలుగు నెలలకు మీకు అదనంగా పడేది రూ.120. అదే ఎఫ్‌డీని ముందే తీసేస్తే, వేసి ఇరవై నెలలైందనుకోండి, వడ్డీ రేటులో బ్యాంకు వేసే ఒక శాతం కోతకే రూ.5,000 పోతుంది.

పన్ను గురించి రెండు మాటలు. అద్దెలో ఇంటిపన్ను పోను మిగిలిన దాంట్లో 30 శాతాన్ని చట్టమే ఖర్చుల కింద తీసేస్తుంది. బిల్లులు అడగదు, ఈ ఏడు ఎక్కువ ఖర్చయిందన్నా ఒప్పుకోదు. ఆ 30 శాతం ఇంటి వాటా అనుకోవాలి. మనం దాన్ని మిగులు అనుకుని వాడేసుకుంటాం. కొత్తగా అద్దెకు వచ్చినవారి మొదటి నెల నుంచే రూ.2,000 రికరింగ్ డిపాజిట్‌లో వేయడం మొదలుపెట్టండి.

మేస్త్రీ చీటీలో లేని పెద్ద ఖర్చు ఒకటుంది. ఇల్లు ఖాళీగా ఉన్న ప్రతి నెలా 18 వేలు పోతాయి. పుష్యం శూన్యమాసమని చాలామంది ఇల్లు మారరు, కాబట్టి కార్తీకంలోనే టులెట్ బోర్డు పెట్టండి. గీజర్లు, మిగతా గదుల రంగులు ముందు ముగించి, ఆ ఒక్క పడకగది గోడలు ఆరాక వేయిస్తామని వచ్చినవారికి ఉన్నదున్నట్టు చెప్పి, ఒప్పందంలో తేదీతో సహా రాయించండి.