పెళ్లయ్యాక కాదు తల్లీ, ఇప్పుడే వెళ్లు

జర్మనీలో ఎమ్మెస్ చదువుతున్న విజయనగరం అమ్మాయి అడిగిన సందేహం ఇది. "అప్పా (అక్కా), నవంబర్‌లో నలుగురం క్లాస్‌మేట్స్ కలిసి పారిస్ వెళ్దామనుకుంటున్నాం. ఇద్దరు అబ్బాయిలున్నారు. ఈఫిల్ టవర్ అనగానే అమ్మ 'అక్కడికి పెళ్లయ్యాక మీ ఆయనతో వెళ్దువుగాని' అంటోంది. చెప్పకుండా వెళ్లొచ్చేయనా?"

చెప్పకుండా వెళ్లొద్దు తల్లీ. అలాగని వెళ్లడం మానొద్దు.

మాదీ విజయనగరమే, మూడు లాంతర్ల దగ్గర. పారిస్ వచ్చి పదిహేడేళ్లయింది. మా అమ్మ కూడా సరిగ్గా ఇదే మాట అంది, నేను విన్నాను. చదువుకున్న రెండేళ్లూ ఆరో నంబర్ మెట్రోలో సెయిన్ నది దాటినప్పుడల్లా కిటికీలోంచి టవర్ కనిపించేది. ఒక్కసారీ ఎక్కలేదు. తర్వాత పెళ్లి, ఉద్యోగం, పిల్లలు. చివరికి ఎక్కిన రోజు చిన్నోడు చంకలో ఉన్నాడు. లిఫ్ట్ క్యూలోనే పూట గడిచిపోయింది. మెట్లెక్కే ఓపిక ఉన్నప్పుడే వెళ్లాల్సిందని ఇప్పటికీ బాధే.

రెండో అంతస్తు దాకా 674 మెట్లు. లిఫ్ట్ కంటే టికెట్ తక్కువ, 25 ఏళ్ల లోపు వాళ్లకు ఇంకా తక్కువ. టవర్ సొంత వెబ్‌సైట్‌లోనే కొను. ఎక్కుతుంటే ఇనుప పట్టీలు, రివెట్ల తలలు కళ్ల ముందే వరసగా కనిపిస్తాయి. సందుల్లోంచి గాలి ఈలవేస్తూ కొడుతుంది. నువ్వు మెకానికల్ చదివిన పిల్లవి, నాకంటే నీకే ఎక్కువ అర్థమవుతుంది.

అమ్మకు ఇది కూడా చెప్పు. దాన్ని ప్రేమికుల కోసం కట్టలేదు. ఫ్రెంచి విప్లవానికి నూరేళ్లయిన సందర్భంగా 1889లో జరిగిన ప్రపంచ ప్రదర్శన కోసం కట్టారు. ఇరవై ఏళ్లకు విప్పేయాలనుకున్నారు, కానీ వైర్‌లెస్ సిగ్నళ్లకు పనికొస్తుందని ఉంచేశారు. మన గంటస్తంభం దగ్గర పెళ్లికాని పిల్లలు నిలబడకూడదని ఎవరూ అనరు కదా!

అసలు టెన్షన్ టవర్ గురించి కాదు, ఫోటో గురించి. నలుగురి ఫోటోలోంచి నిన్నూ పక్కనున్న అబ్బాయినీ మాత్రం కత్తిరించి ఎవరో చుట్టాల గ్రూపులో పెడతారు. మా బంధువుల ఇంట్లో ఇలాగే జరిగింది. తల్లికి ఆ సంగతి కూరగాయల బజార్లో ఇంకొకరి నోటి నుంచి తెలిసింది. ఆవిడ ఏడ్చింది కూతురు వెళ్లినందుకు కాదు, తనకు చెప్పనందుకు. అందుకే నలుగురి పేర్లు, ఏ ఊరి వాళ్లు, ఎక్కడ దిగుతున్నారు, ఆడపిల్లలిద్దరికీ గది వేరేనా, అన్నీ ముందే చెప్పు. ఆ స్నేహితుల్ని వీడియో కాల్‌లో అమ్మకు చూపించు. అమ్మ ఒకరోజు మాట్లాడకపోవచ్చు, మర్నాడు తనే చేస్తుంది.

కాగితాల విషయం. జర్మనీ రెసిడెన్స్ కార్డు, పాస్‌పోర్టు రెండూ చెల్లుబాటులో ఉంటే ఫ్రాన్స్‌కు వేరే వీసా అక్కర్లేదు. 180 రోజుల్లో 90 రోజుల దాకా తిరగొచ్చు. కార్డు రెన్యువల్‌లో ఉండి చేతిలో తాత్కాలిక కాగితం మాత్రమే ఉంటే, అక్కడ మీ ఊరి విదేశీయుల ఆఫీసులో అడగకుండా సరిహద్దు దాటకు. లండన్‌లో చదివే ఫ్రెండ్ వస్తానంటే, తనకు షెంగెన్ వీసా (ఫ్రాన్స్, జర్మనీ లాంటి చాలా యూరప్ దేశాలకు కలిపి ఇచ్చేది) ఉండాల్సిందే.

పాస్‌పోర్టు, కార్డు లోపలి జేబులో పెట్టుకో. నా పర్సు మెట్రోలో కొట్టేశారు, కార్డు అందులోనే ఉంది. కొత్తది చేతికొచ్చేసరికి నాలుగు నెలలు పట్టింది. ఆ ఏడాది పైడితల్లమ్మ సిరిమానోత్సవానికి రాలేకపోయాను, సిరిమాను కోట వైపు కదులుతుంటే ఫోన్‌లో చూస్తూ కూర్చున్నాను. సంతకం పెట్టమని కాగితం పట్టుకొచ్చేవాళ్లు, చేతికి దారం కట్టేస్తామనేవాళ్లు ఎదురైతే ఆగకుండా నడిచిపో. ప్రేమ గుర్తుగా వంతెన కటకటాలకు వేయమని అమ్మే తాళాలు కూడా కొనకు. ఆ తాళాల బరువుకే 2014లో పాన్ దెజార్ వంతెన కటకటాల్లో కొంత భాగం కూలిపోయింది, మరుసటి ఏడాది అన్నీ పీకేశారు.

నీకిప్పుడు ఇరవైమూడు కదా? జర్మనీ లాంటి యూరోపియన్ యూనియన్ దేశాల్లో నివాసముండే 26 ఏళ్లలోపు వాళ్లకు లూవ్ర్ మ్యూజియం ఉచితం. పెళ్లయ్యాక మీ ఆయనతో వచ్చేనాటికి ఇద్దరికీ టికెట్టే! ఆర్క్ ద ట్రయంఫ్ అనే విజయ తోరణం పైకి కూడా తప్పకుండా ఎక్కు. టవర్ ఎక్కితే టవర్ కనిపించదు, ఇక్కడి నుంచి నిండుగా కనిపిస్తుంది.

చీకటి పడ్డాక ప్రతి గంట మొదట్లో ఐదు నిమిషాలు టవరంతా 20,000 బల్బులతో మిలమిలలాడుతుంది. ఎండాకాలంలో ఇక్కడ చీకటి పడేసరికి మన ఊళ్లో అర్ధరాత్రి దాటిపోతుంది. నవంబర్‌లో అయితే సాయంత్రం ఆరింటికే చూడొచ్చు, అప్పుడు విజయనగరంలో రాత్రి పదిన్నర. ఆరుకు ఐదు నిమిషాల ముందే టవర్‌కు ఎదురుగా నది అవతలున్న ట్రొకాడెరో మెట్ల మీద నిలబడి ఫోన్ కలుపు. ఆ ఒక్క రాత్రికి పదిన్నర దాకా మేలుకుని ఉండమని అమ్మకు ముందే చెప్పు.