అమ్మ నాకు నేర్పిన మొదటి తెలుగు మాట 'నలభై'

"ఒడిశాలో ఉంటున్నాం, పిల్లలకి ఒరియా, ఇంగ్లీషు వచ్చు గానీ తెలుగు చదవడం రాదు, ఎలా నేర్పాలి?" అని అడిగారు. నాదీ ఒడిశానే, గంజాం జిల్లా బరంపురం. చదివింది ఒరియా బడిలో. నాకు తెలుగు రాత మా అమ్మ వల్ల వచ్చింది, అదీ అప్పడాల లెక్క రాయబట్టి. అమ్మ పోయి ఏడాది కాలేదు. అందుకే ఇంత రాస్తున్నాను.

బరంపురం అప్పడాల గురించి వినే ఉంటారు. నాన్న పోయాక మా ఇల్లు గడిచింది వాటి మీదే. అమ్మ మినప్పిండిలో మిరియాలు, ఇంగువ, అప్పడాల కారం (మిరప్పొడి కాదు, సోడా లాంటి క్షారం) కలిపి, రోట్లో వేసి నూనె అద్దుకుంటూ రోకలితో దంచేది. పిండి సాగేదాకా దంచుతూనే ఉండేది. మధ్యాహ్నం భోజనాలయ్యాక వీధిలో ఆడవాళ్లు పీటలు పట్టుకుని వచ్చి ఒత్తేవారు. వందల లెక్కన కూలి. ఎవరు ఎన్ని ఒత్తారో రాయడం నా పని. అప్పుడు నేను మూడో తరగతి.

ఒకరోజు షావుకారు కొట్లో లెక్కపెడితే నలభై అప్పడాలు తక్కువొచ్చాయి. నలుగురి ముందూ ఆయన అన్న మాటలకి అమ్మ తల వంచుకుని ఇంటికొచ్చింది. లాంతరు దగ్గర పెట్టుకుని నా చీటీ విప్పింది.

"ఏటే ఇది? ఎనిమిదేనా?"

"కాదమ్మా, నాలుగు. మా బడిలో ఇలాగే రాస్తారు."

ఒరియా నాలుగు చూడ్డానికి ఇంగ్లీషు ఎనిమిదిలా ఉంటుంది. నేను మూడు వందల నలభై అని రాస్తే అమ్మ మూడు వందల ఎనభై అని చదివి, కూలి కూడా అలాగే ఇచ్చేసింది. కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. పీట మీద మిగిలిన పొడిపిండి చేత్తో సమంగా పరిచి, నా వేలు పట్టుకుని 'నలభై' అని రాయించింది. "ఇకనుంచి అంకెలొద్దు, అక్షరాల్లో రాయి" అంది. 'భ' వంకర పోతే పిండి చెరిపేసి మళ్లీ రాయించేది. ఆ వేసవి అయ్యేసరికి వంద దాకా మాటల్లో రాసేదాన్ని. వీధిలో అత్తల పేర్లు కూడా అలాగే పట్టుబడ్డాయి.

ఇంకో మాట చెప్పాలి. విశాఖ వైపు పెళ్లికెళితే "మీ తెలుగేంటి అలా ఉంది, ఎప్పుడు వలసెళ్లారు?" అంటారు. ఇక్కడేమో మమ్మల్ని 'తెలెంగా' అంటారు. మేం ఎక్కడికీ వెళ్లలేదండీ. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా మా గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది. రాష్ట్రపతిగా చేసిన వి.వి. గిరి 1894లో పుట్టింది ఈ ఊళ్లోనే. సరిహద్దు మా గుమ్మం ముందుకొచ్చి ఆగింది, అంతే. ఆ మాటలకి అమ్మ మాత్రం ఎప్పుడూ నొచ్చుకోలేదు. ఒరియావాళ్లతో ఒరియా, మాతో తెలుగు, గొంతు మార్చకుండా మాట్లాడేది.

2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు మా పిల్లలిద్దరూ అమ్మ దగ్గరే ఉన్నారు. పెరటి రేకులు ఒక్కొక్కటే లేచిపోతున్నాయి. చీకట్లో ఇద్దర్నీ చెరో పక్కా పొదువుకుని, "వంద లెక్కపెట్టేసరికి గాలి తగ్గిపోద్ది" అంది. తెలుగులో లెక్క. ముప్పై తొమ్మిది దాటేసరికి ఆగి, "మీ అమ్మ నలభై నేర్చుకున్న కథ తెలుసా?" అని మొదలుపెట్టింది. వంద అయింది, గాలి తగ్గలేదు. మళ్లీ ఒకటి నుంచి మొదలు. తెల్లారేదాకా ఎన్ని వందలయ్యాయో పిల్లలకీ గుర్తులేదు. పిల్లలకి తెలుగు లెక్క పక్కాగా వచ్చింది ఆ రాత్రే అని నా నమ్మకం.

కాబట్టి మీరు పుస్తకాలు, యాప్‌లు కొనకండి. ఇంట్లో నిజంగా అవసరమైన లెక్క ఒకటి పిల్లల చేతికివ్వండి. పాలవాడిదో, చాకలిదో. తప్పు రాస్తే డబ్బు పోయే లెక్కయితే ఇంకా మంచిది. మా అబ్బాయి ఇప్పటికీ పాల లెక్క తెలుగు మాటల్లోనే రాస్తాడు. వాడి 'భ' కూడా వంకరే. అమ్మమ్మ ఉంటే చెరిపించి మళ్లీ రాయించేది.