మెషిన్ లేకుండా స్క్రీన్ ఫ్రేముకి మెష్ గట్టిగా బిగించడం ఎలా?

తమ్ముడూ, శ్రీకాకుళంలో గుడ్డసంచుల మీద స్క్రీన్ ప్రింటింగ్ మొదలుపెట్టానని, చేత్తో లాగి ఫ్రేముకి స్టేపుల్ కొట్టిన మెష్ (రంగు దిగే సన్నటి జాలీ గుడ్డ) నాలుగు రోజులకే వదులైపోతోందని, స్ట్రెచింగ్ మెషిన్ కొనే స్తోమత లేదని రాశావు. విజయనగరంలో పెళ్లికార్డులు వేసే రోజుల్లో నాదీ ఇదే బాధ. రెండు రంగుల వినాయకుడు. పసుపు ఆరాక ఎరుపు వేస్తే తొండం గీత వెంట్రుకవాసి పక్కకి పడేది. కార్డు కదులుతోందేమోనని, దాన్ని ఆనించే గైడు పదిసార్లు మార్చి అతికించాను. కదిలేది కార్డు కాదు, వదులు మెష్. రంగు లాగే రబ్బరు పలక, అదే స్క్వీజీతో పాటు అదీ జరిగేది. మూడు వందల కార్డులు పాడయ్యాక గానీ తెలియలేదు.

పటకారుతో ఎంత లాగినా ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ పడుతుంది. అందుకని వడ్రంగి చేత, అసలు ఫ్రేము చుట్టూ వదులుగా దిగేంత పెద్ద చట్రం ఒకటి చేయించాను. మెష్‌ని దీని పైముఖానికి స్టేపుల్ కొట్టాలి. పిన్నుల కింద నవారు ముక్క పెడితే గుడ్డ చిరగదు. మూలల్లో కాస్త వదులు ఉంచు, చిరుగు అక్కడే మొదలవుతుంది. మందపాటి ప్లైవుడ్ మీద రెండంగుళాల దిమ్మలు, వాటి మీద అసలు ఫ్రేము పెట్టి, పైనుంచి చట్రం దించాలి. చట్రాన్ని ఎనిమిది పొడవాటి బోల్టులతో ప్లైవుడ్‌కి బిగిస్తూ పోతే మెష్ డోలు చర్మంలా ఫ్రేము మీద సాగుతుంది. లారీ చక్రానికి బిగించినట్టు ఎదురెదురు నట్లు, ఒక్కోటి అర చుట్టే తిప్పు. తొందరపడితే సర్రున చిరుగుతుంది.

వెంటనే జిగురు పూయకు. పాలియెస్టర్ లాగాక కొంత సడలుతుంది. నేను రాత్రంతా వదిలేసి, పొద్దున్నే మళ్లీ బిగించేవాణ్ణి. నైలాన్ మెష్ మాత్రం కొనకు, తడిస్తే సాగుతుంది. తెల్ల జిగురు స్క్రీన్ కడిగే నీళ్లకి మెత్తబడుతుంది కాబట్టి, రెండు ట్యూబుల ఎపాక్సీ కలిపి మెష్ పైనుంచే చెక్కలోకి దిగేలా రుద్దాలి. మర్నాటి వరకు ఆగి, బయటి గుడ్డ కోసెయ్.

మెష్ బిగువు కొలిచే టెన్షన్ మీటరు లేకపోతే మెష్ నడిమధ్య కిలో తూకంరాయి పెట్టి, ఫ్రేముకి అడ్డంగా స్కేలు వేసి, ఎంత దిగిందో చూసి ఫ్రేము పక్కన పెన్సిల్‌తో రాసుకో. రెండు రంగుల పనైతే ఒకే సైజు ఫ్రేములు రెండూ ఒకే లోతు చూపించాలి. తేడా ఉంటే జిగురుకి ముందే సరిచెయ్.

సంచులకి సెంటీమీటరుకి 43 దారాల మెష్ చాలు. కార్డులకి వాడే 120 దారాలదైతే గుడ్డకి రంగు సరిగ్గా దిగదు.