గ్రూపులో ఏమడిగాడో చెప్పమనండి

ప్రశ్న: బొబ్బిలిలో మోటారు వైండింగ్ షాపు నాది. మా గుంటడు ఇంటర్ ఫస్టియర్, ఎంపీసీ. రాత్రి ఒంటిగంట దాకా ఫోన్లో ఎవరితోనో ఇంగ్లీషులో టైపు చేస్తుంటాడు. అడిగితే డిస్కార్డ్ అంటాడు, ఈఎస్పీ 32 అంటాడు. పొలంలో మోటారుని ఫోన్‌తో ఆన్ చేసే పెట్టె తయారుచేస్తున్నానని ఒకసారి చెప్పాడు. మార్కులు తగ్గాయి. ఫోన్ లాగేసుకోమంటారా?

జవాబు: లాక్కోకండి. అలాగని వదిలేయనూ వద్దు. డిస్కార్డ్ అంటే ఒకే ఆసక్తి ఉన్నవాళ్ళు గ్రూపులుగా చేరి మాట్లాడుకునే యాప్. ఈఎస్పీ 32 అంటే కోడు రాసి నడిపించే చిన్న బోర్డు. ముందు, ఈ వారంలో ఆ గ్రూపులో తను అడిగిన ప్రశ్న ఒకటి, దానికి వచ్చిన జవాబు ఒకటి మీకు తెలుగులో చెప్పమనండి. చెప్పగలిగితే నేర్చుకుంటున్నట్టే. తడబడి, వేరేవాళ్ళ ముచ్చట్లు చెబితే మాత్రం అది కాలక్షేపమే. అప్పుడు మందలించండి.

ప్రశ్న ఎలా అడిగాడన్నదే నేను ముఖ్యంగా చూస్తాను. ఫోన్‌తో మోటారు ఆన్ చేసే పెట్టెలో దానితోపాటు పిల్లలు ఎక్కువగా సిమ్800ఎల్ అనే, ఫోన్ సిమ్ వేసుకునే చిన్న బోర్డు వాడతారు. ‘పనిచెయ్యట్లేదు బ్రో, హెల్ప్’ అని రాస్తే అక్కడ ఎవరూ పలకరు. ‘అడాప్టరు 5 వోల్టులు, 1 ఆంపియరు. కాల్ వచ్చినప్పుడల్లా బోర్డు ఆరిపోయి మళ్ళీ వెలుగుతోంది. ఇదిగో వైరింగ్ ఫొటో’ అని రాస్తే తెలిసినవాడు కారణం పట్టేస్తాడు. ఆ బోర్డు టవరుతో మాట్లాడేటప్పుడు 2 ఆంపియర్ల దాకా లాగుతుంది. అంత సప్లై అందక పడిపోతోంది. పైగా అది 2జీ బోర్డు. జియోకు 2జీ లేదు కాబట్టి ఆ సిమ్ వేస్తే ఎంతసేపు చూసినా సిగ్నల్ రాదు. ఇలాంటి చోట రెండు వారాలు తలబాదుకుని బయటపడ్డ కుర్రాడికి కరెంటు గురించి పాఠ్యపుస్తకంలో ఉన్నది ఇక మరిచిపోయే ప్రసక్తి ఉండదు. ఏం జరిగింది, ఏం ప్రయత్నించాను, ఎక్కడ ఆగిపోయాను అని నాలుగు ముక్కల్లో రాయడం ఇంజినీరింగ్ ఫైనలియర్ వాళ్ళలో చాలామందికి రాదు. ప్రాజెక్టు బయట కొనుక్కొచ్చి, లోపల ఏముందో చెప్పలేక నా ముందు తలదించుకున్న పిల్లల్ని చూశాను. నాకు చాలా బాధేసింది.

ఇక ఆ గ్రూపులో వాళ్ళకి తెలియనిది మీ షాపులో ఉంది. పొలాలకు పగటిపూట 9 గంటలు త్రీఫేజ్ ఇచ్చినా, మధ్యలో ఒక ఫేజు పోతే ఏమవుతుందో మీకు చెప్పక్కర్లేదు. నడుస్తున్న మోటారు మిగిలిన రెండింటి మీద ఈడ్చుకుంటూ పోయి కాయిల్ కాలుతుంది. రైతు దాన్ని ఆటోలో వేసుకుని మీ దగ్గరికే వస్తాడు. మూడు ఫేజులూ ఉన్నాయో లేదో చూడకుండా ఫోన్ కాల్ రాగానే మోటారు ఆన్ చేసే పెట్టె రైతుకి మేలు చేయదు, కీడే చేస్తుంది. ఈ సంగతి అబ్బాయికి తెలుసా? అడగండి. తెలియకపోతే తన ప్రాజెక్టులో అసలు ముడి అక్కడే ఉంది, దాన్ని విప్పి చూపించగలిగేది మీరే.

రాత్రి ఒంటిగంట సంగతి. ఈ విషయంలో మీరు గట్టిగానే ఉండండి. గ్రూపులో జవాబు కోసం మేలుకుని ఉండక్కర్లేదు. సాయంత్రం ప్రశ్న పెట్టి పడుకుంటే, ఇక్కడ తెల్లారేసరికి ఏ దేశంలోవాడో జవాబు రాసి ఉంటాడు. పదింటికి ఫోన్ హాల్లో ఛార్జింగుకి పెట్టాలన్న నియమం చాలు.

మార్కుల్ని తేలిగ్గా తీసుకోవద్దు. ఎంత మంచి పెట్టె చేసినా ఈఏపీసెట్‌లో ర్యాంకు రాకపోతే విజయనగరం జేఎన్‌టీయూ లాంటి ప్రభుత్వ కాలేజీలో సీటు రాదు. అందరూ సీఎస్ఈ అంటారు. మీవాడి వాలకం చూస్తే ట్రిపుల్‌ఈ (ఎలక్ట్రికల్), ఈసీఈ (ఎలక్ట్రానిక్స్) కూడా ఆలోచించదగ్గవే. ఐఐటీ మద్రాసు 2023లో ఎలక్ట్రానిక్ సిస్టమ్స్‌లో బీఎస్ డిగ్రీ మొదలుపెట్టింది. ఇంటర్లో లెక్కలు, ఫిజిక్స్ చదివినవాళ్ళు జేఈఈ లేకుండానే అర్హత పరీక్ష రాసి చేరవచ్చు. పాఠాలు ఆన్‌లైన్లో, పరీక్షలకు కేంద్రానికి, ల్యాబులకు మద్రాసు క్యాంపస్‌కి వెళ్ళాలి. అది సులువు కాదు గానీ ఇలాంటి పిల్లలకు సరిపడుతుంది. ఈలోగా తను రాసిన కోడు గిట్‌హబ్ అనే, కోడు దాచుకునే వెబ్‌సైట్లో పెట్టుకోమనండి. ఏ నెలలో ఏం మార్చాడో అందులో తేదీలతో సహా ఉంటుంది.

ఒక్క హెచ్చరిక. గ్రూపుల్లో ‘ఇంట్లోంచే పని, ముందు రిజిస్ట్రేషన్ ఫీజు కట్టు’ అనేవాళ్ళు, విదేశంలో డేటా ఎంట్రీ ఉద్యోగమని పిలిచేవాళ్ళు దూరుతుంటారు. అలా కంబోడియా వెళ్ళి సైబర్ మోసాల ముఠాల్లో చిక్కుకున్న ఉత్తరాంధ్ర కుర్రాళ్ళ సంగతి 2024లో బయటపడింది. ఆన్‌లైన్లో డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలని కూడా చెప్పి ఉంచండి.

ఈ ఆదివారం కాలిన మోటారు విప్పేటప్పుడు అబ్బాయిని పక్కన కూర్చోబెట్టుకోండి. ఏ కాయిల్స్ నల్లబడ్డాయో, ఏవి బాగున్నాయో చూసి ఫేజు పోయిందని మీరెలా చెప్పగలరో చూపించండి. పెట్టె తయారయ్యాక స్టార్టరు వైపు వైర్లు మాత్రం మీరే కలపండి. తన ఈఎస్పీ 32 బోర్డు 3.3 వోల్టులది, అటువైపున్నది 415. ఫ్యూజులు పీకి, టెస్టరుతో ఒకటికి రెండుసార్లు చూశాకే చెయ్యి పెట్టండి.