పది మీటర్లకి 0.75 స్పీకర్ వైరు సరిపోతుందా?

అన్నా, బ్రాడీపేటలో మీ హాలుకి యాంప్లిఫయర్ నుంచి 4 ఓమ్‌ల స్పీకర్ దాకా 10 మీటర్లు, 0.75 వైరు చాలా, బాక్సు లోపలి వైరు కూడా మార్చాలా అని అడిగారు.

0.75 చాలదు. కరెంటు వెళ్లి తిరిగి రావాలి, కాబట్టి లెక్క 20 మీటర్లకి వేయాలి. అంత పొడవులో 0.75 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరుకి దాదాపు అర ఓమ్ నిరోధం ఉంటుంది. 4 ఓమ్‌ల ముందు అది ఎనిమిదో వంతు! నేనైతే వైరు నిరోధాన్ని స్పీకర్ ఓమ్‌లలో 5 శాతం, అంటే మీకు 0.2 ఓమ్, దాటనివ్వను. 1.5 వైరు పావు ఓమ్ దగ్గర ఉంటుంది, 2.5 అయితే 0.15. మీరు 2.5 తీసుకోండి. 8 ఓమ్‌ల స్పీకరైతే 1.5తో సరిపెట్టుకోవచ్చు.

కొనేముందు ఒక పోగు తీసి బ్లేడుతో గీకి చూడండి. విజయవాడలో ఒకసారి చవగ్గా వస్తోందని ఒక చుట్ట తెచ్చుకున్నాను. ఇంటికొచ్చి గీకితే ఎర్రటి పూత లేచిపోయి లోపల తెల్లగా అల్యూమినియం కనిపించింది. దాని నిరోధం రాగికి సుమారు ఒకటిన్నర రెట్లు. ఇంకేం, బాల్కనీలో బట్టలారేసే తాడైంది.

బాక్సు లోపల వైరు జోలికి మాత్రం పోకండి. అర మీటరు 0.75కి వచ్చేది 0.025 ఓమ్, క్రాసోవర్‌లోని (బేస్‌నీ సన్నటి శబ్దాలనీ విడదీసే సర్క్యూట్) కాయిల్‌కే అంతకు చాలా ఎక్కువ ఉంటుంది. క్లిప్పులు వదులయ్యాయేమో చూసి బిగించండి. రెండు స్పీకర్లకూ ప్లస్, మైనస్ ఒకేలా కలపండి, ఒకటి తిరగబడితే బేస్ పల్చబడిపోతుంది.